విమానంలో దోమల మందు కొడతారట, పాపకు ఆస్తమా ఉంది. ఏం చేయాలి?

ప్రశ్న:
వచ్చే నెల ఆస్ట్రేలియా వెళ్తున్నాం. విమానంలో మనుషులు కూర్చుని ఉండగానే పురుగుల మందు కొడతారని విన్నాను. మా పాపకు ఏడేళ్లు, దోమల కాయిల్ పొగకే పిల్లికూతలు మొదలవుతాయి. వద్దని చెప్పే వీలుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మాకూ ఇదే ఎదురైందండి. తలుపులు వేశాక ప్రకటన వచ్చింది. అది పూర్తయ్యేలోపే సిబ్బంది రెండు చేతుల్లో రెండు డబ్బాలు పైకెత్తి పట్టుకుని నడుస్తూ వచ్చేశారు. బుస్సుమని సన్నటి తుంపర, రీడింగ్ లైటు కింద తెల్లగా కనిపించింది. మా బాబు ఇన్‌హేలరేమో పైన అరలోని బ్యాగులో ఉండిపోయింది. బెల్టు పెట్టుకున్నాక లేవనివ్వరు. వాడు దగ్గుతుంటే నా ప్రాణం పోయినంత పనైంది. దిగ్గున లేచి తీశాను, రెండు పఫ్‌లకు తగ్గింది. ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) రెండూ మీ ఒళ్లోనే పెట్టుకోండి.

జవాబు 2:
నేను క్యాబిన్ సిబ్బందిలో పనిచేశాను. వద్దంటే ఆపరండి, అది దిగబోయే దేశం పెట్టిన నిబంధన. అందుకు కారణమూ ఉంది. ఆఫ్రికా దోమ ఒకటి 1930లో ఓడల మీద బ్రెజిల్ చేరింది. 1938 నాటికి అక్కడ మలేరియా వేలమందిని బలితీసుకుంది. ఎన్నడూ విదేశం వెళ్లకుండా, విమానాశ్రయం పక్కన ఉన్నందుకే, విమానంలో వచ్చిన దోమ కుట్టి మలేరియా వచ్చినవాళ్లూ ఉన్నారు. అలాగని అన్ని దేశాలూ ఒకే దారిలో లేవు. అమెరికా 1979లో ఈ పనిని మామూలుగా చేయడం ఆపేసింది.

కొట్టేది సాధారణంగా 2 శాతం డి-ఫినోత్రిన్. చేమంతి జాతి పూలలోని మందు లాంటిదాన్నే ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. చెప్పిన మోతాదులో వాడితే ప్రమాదం లేదని, కొందరికి కాసేపు ఇబ్బంది కలగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ కొందరిలో మీ పాప ఉంటే ఆ మాటతో మీకు ధైర్యం రాదు కదా.

మీకు పనికొచ్చే సంగతి ఇది. ఖాళీ విమానంలో గోడలకు, కార్పెట్లకు పర్మెత్రిన్ అనే పురుగుల మందు పూసే పద్ధతి ఉంది. 8 వారాలు పనిచేస్తుంది, దానికి సర్టిఫికెట్ ఉంటుంది. అలాంటి విమానంలో ప్రయాణికుల మీద కొట్టనక్కర్లేదు. మీది ఏ పద్ధతో విమాన కంపెనీని రాతపూర్వకంగా అడగండి. చివరి నిమిషంలో విమానం మారవచ్చు కాబట్టి ఎక్కేటప్పుడు మళ్లీ అడగండి. ఈ సంగతి టికెట్ కొనేటప్పుడే కంపెనీలు చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. తలుపులు వేశాక చెప్తే తల్లిదండ్రులు చేయగలిగింది ఏముంటుంది? ఆ పూత భారం మాత్రం శుభ్రం చేసేవాళ్ల మీద, రోజూ ఎగిరే సిబ్బంది మీద పడుతుంది. గర్భిణిగా ఉన్న సహోద్యోగి డబ్బా పట్టుకోవడానికి ఎంత భయపడేదో చూశాను.

ప్రశ్న వేసినవారు:
చాలా థ్యాంక్సండి. మాస్క్ పనిచేస్తుందా?

జవాబు 2:
ఎన్95 ముఖానికి సరిగ్గా అతుక్కుంటే తుంపరను చాలావరకు ఆపుతుంది, వాసనను పూర్తిగా ఆపదు. పాపకు ఒక పూట ముందే ఇంట్లో పెట్టి అలవాటు చేయండి. కళ్లు మూసుకోమనండి, తినే వస్తువులు మూసిపెట్టండి. ముందుగా ఒక పఫ్ ఇవ్వాలా అన్నది మీ డాక్టరునే అడగండి.

ప్రశ్న వేసినవారు:
కంపెనీకి మెయిల్ పెట్టాను. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.