మందుపాతరల తొలగింపు: గడువు ఎన్నిసార్లు పొడిగించాలి?

విశ్వం:
మందుపాతరలను నిషేధించిన 1997 నాటి ఒట్టావా ఒప్పందంలోని అయిదో అధికరణం ప్రకారం, ప్రతి సభ్యదేశమూ తన అధీనంలోని నేలలో మనుషుల మీదికి పాతిన మందుపాతరలన్నిటినీ వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా ఒప్పందం తనకు అమల్లోకి వచ్చిన పదేళ్లలోపు తీసివేయాలి. కాంబోడియాకు 2010లో ముగియవలసిన గడువును మొదట 2020కి, ఆపైన 2025 చివరికి జరిపారు. అడిగినవారికల్లా ఇచ్చుకుంటూ పోతే దాన్ని గడువు అనడం ఎందుకు? ఒకసారికి మించి పొడిగించరాదని నా వాదన.

సుభద్ర:
విశ్వం గారూ, ఆ పని ఎలా సాగుతుందో కూడా చూడాలి. మెటల్ డిటెక్టర్ కూసిన ప్రతిచోటా, కింద ఉన్నది తుప్పు మేకో, తూటా గొట్టమో, పాతరో తెలియదు కనుక, మనిషి మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి కొంచెం కొంచెంగా మట్టి తీయాలి. కాంబోడియాలో పనిచేసిన మగావా అనే ఎలుక ఇనుము జోలికి పోకుండా పేలుడు మందు వాసననే పట్టేది. టెన్నిస్ కోర్టంత జాగాను ఇరవై నిమిషాల్లో వెతికేది. డిటెక్టరుతో మనిషికి అదే జాగా నాలుగు రోజుల దాకా పడుతుంది. అంతటి ఎలుక కూడా తన ఉద్యోగకాలమంతటిలో పట్టించినవి 71 మందుపాతరలే. గడువు నిరాకరించినంత మాత్రాన మట్టిలో ఉన్నది పేలకుండా ఊరుకోదు.

హనుమంతు:
సుభద్ర గారి మాట కాంబోడియాకు సరిపోతుంది, బ్రిటన్‌కు సరిపోదు. 1982 యుద్ధంలో, బ్రిటన్ అధీనంలోని ఫాక్‌లాండ్ దీవుల్లో అర్జెంటీనా పాతినవాటిని బ్రిటన్ 2009 మార్చికల్లా తీయాలి. డబ్బుకు కొదవలేని ఆ దేశం, ఒప్పందంలో చేరాక అక్కడ తొలగింపు మొదలే పెట్టకుండా, 2008లో పదేళ్ల పొడిగింపు పుచ్చుకుంది. 2009 చివర్లో పని మొదలైంది. ఎక్కువమంది జింబాబ్వే కార్మికులే చేశారు. రెండో పొడిగింపుతో 2024 దాకా గడువు ఉన్నా 2020 నవంబరులోనే ముగిసింది. అంటే అంతకుముందు అడ్డుపడినది నేల కాదు, మనసు. మరోవైపు మొజాంబిక్ గడువు కొన్ని నెలలు దాటినా 2015లో పని పూర్తిచేసి చూపింది. కాబట్టి ఎన్నోసారి అడుగుతున్నారన్నది కాక, పోయినసారి ఇచ్చిన కాలంలో ఏం చేశారన్నది చూసి, పదేళ్లు అడిగినవారికి రెండు మూడేళ్లు మాత్రమే ఇవ్వాలి. పొడిగింపు సభ్యదేశాల ఓటుతోనే తేలుతుంది గనుక గట్టిగా అడిగే అవకాశం ఉంది. (మన దేశం ఒప్పందంలో చేరనే లేదు కాబట్టి మనకు ఆ ఓటు లేదు, అది వేరే సంగతి.)

విశ్వం:
ఫాక్‌లాండ్ సంగతి విన్నాక, 'ఒకసారికి మించి వద్దు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నియమం ఉన్నా బ్రిటన్ మొదటి పదేళ్లూ హాయిగా గడిపేసేదే. అయితే ఒక షరతు ఉండాలి. పొడిగింపు కోరే దేశం జెనీవాలో సభ్యదేశాల ముందు నివేదిక ఇవ్వడంతో సరిపెట్టుకోకుండా, ఏ పొలం ఏ ఏడాది శుభ్రమవుతుందో కాంబోడియాలోని బత్తంబాంగ్ రైతు చదువుకునేలా అతని ఊళ్లోనే బోర్డు మీద రాసి పెట్టాలి.