డెంగీ దోమ పల్లెలకు పాకింది ఎండల వల్లా, డ్రమ్ముల వల్లా? పంచాయతీ డబ్బు పొగకు పెట్టాలా?

నీలాటిరేవు (చర్చ మొదలుపెట్టినవారు):
పోయిన తరానికి డెంగీ పట్నం జబ్బు. ఇవాళ మూడొందల గడప ఉన్న ఊళ్లో కూడా ప్లేట్‌లెట్ల మాటే. డెంగీ తెచ్చే ఏడిస్ ఈజిప్టై దోమ ఊళ్లకు ఎలా పాకింది అన్నదాని మీద రెండు వాదనలున్నాయి. ఎండలు ముదిరి, వానలు గతి తప్పి దోమ పెరిగింది, పంచాయతీ చేయగలిగింది ఫాగింగ్ మెషిన్ కొని పొగ కొట్టడమే అని ఒకటి. దోమను మనమే మోసుకొచ్చి మన ఇంటి నీళ్లలో పెంచుతున్నాం, పొగ దండగ అని రెండోది. గ్రామసభలో మెషిన్ కొనాలని తీర్మానం పెడితే సరేననాలా, వద్దనాలా? లెక్కతో, కొలతతో చెప్పగలిగినవాళ్లు రాయండి.

తొట్టితనిఖీ:
నాది రెండో పక్షం. ఏడిస్ దోమ పుట్టిన చోటు నుంచి మహా అయితే వంద, నాలుగొందల మీటర్లు తిరుగుతుంది. అంత కొద్ది దూరం ఎగిరే పురుగు జిల్లాలు దాటిందంటే ఏదో ఒక బండి ఎక్కే దాటింది. ఎక్కింది కూడా గుడ్డు రూపంలో. నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు గుడ్లు అంటించి పోతుంది. పెట్టినప్పుడు తెల్లగా ఉంటాయి, కొన్ని గంటల్లో నల్లబడతాయి. మిల్లీమీటరు కూడా ఉండవు, చూసినవాళ్లు మసి అనుకుంటారు. నీళ్లు ఎండిపోయినా ఆరు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బతికుండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. పాత టైరులోనో ఖాళీ డ్రమ్ములోనో అవి ఎన్ని వందల మైళ్లయినా పోగలవు.

దీని చుట్టం ఆసియా పులిదోమ, ఏడిస్ అల్బోపిక్టస్, ఖండాలు దాటింది ఇలాగే. 1979లో అల్బేనియాలో, 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, 1990లో ఇటలీలోని జెనోవాలో బయటపడింది. హ్యూస్టన్‌లోనూ జెనోవాలోనూ దారి చూపింది వాడేసిన టైర్ల దిగుమతే. ఆసియా నుంచి వచ్చే పాత టైర్లు పొడిగా, శుభ్రంగా ఉండాలని అమెరికా 1988లో నిబంధన పెట్టే సరికే దోమ లోపలికి పోయింది.

మన దగ్గర చూడండి. 1960ల మధ్యలో ఇదే దోమ తెచ్చే చికున్‌గున్యా వచ్చింది విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లో. రేవు, రైలు ఉన్న ఊళ్లు. నలభై ఏళ్ల తర్వాత 2005 చివర్లో మళ్లీ వచ్చినప్పుడు మొదట మంచాన పడింది అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల పల్లెలు. వాన తక్కువ కాబట్టే ఆ జిల్లాల్లో ఇంటింటా నీళ్లు పట్టి దాచుకుంటారు. సిమెంటు తొట్లు, డ్రమ్ములు, కుండలు, వాడకం మానేసి పెరట్లో పడేసిన రుబ్బురోళ్లు, అన్నీ దోమకు పుట్టిళ్లే. అనంతపురం ఎప్పుడు చల్లగా ఉంది కనక ఇప్పుడు వేడెక్కిందని చెప్పడానికి?

ఉష్ణమాపకం:
తొట్టితనిఖీ గారు చెప్పింది దోమ ప్రయాణం. జబ్బు ప్రయాణం వేరండీ. రెండూ ఒకటే అనుకుంటే లెక్క తప్పుతుంది.

డెంగీ వైరస్ దోమ కడుపులోంచి లాలాజల గ్రంథుల దాకా చేరేవరకు ఆ దోమ కుట్టినా జబ్బు అంటదు. ఈ వ్యవధి 25 డిగ్రీల దగ్గర సుమారు రెండు వారాలు, 30 డిగ్రీల దగ్గర ఇంచుమించు వారం. రోజుకు నూటికి పదిహేను దోమలు చస్తాయనుకుని లెక్క వేయండి. వందలో పదిహేను రోజులకు మిగిలేవి తొమ్మిది. ఏడు రోజులకైతే ముప్పై రెండు. దోమల సంఖ్య ఒక్కటి కూడా పెరగకుండానే జబ్బు అంటించగల దోమలు మూడింతలకు పైగా అయ్యాయి. అయిదు డిగ్రీల తేడా చేసే పని అది.

ఎత్తు ప్రాంతాల సంగతీ చూడండి. నేపాల్‌లో తొలి డెంగీ కేసు నమోదైంది 2004లో. 2022లో అక్కడ యాభై వేలకు పైగా కేసులు, అందులో 1,400 మీటర్ల ఎత్తున ఉన్న కాఠ్మండూ లోయ వాటా చాలా పెద్దది. అక్కడ డ్రమ్ములు కొత్తవి కావు, చలి తగ్గింది.

అలాగని ఎండ ఎంత ముదిరితే అంత డెంగీ అనీ కాదు. ఈ దోమ ద్వారా వైరస్ బాగా పాకేది 29 డిగ్రీల చుట్టుపక్కల. 35 దాటితే దోమ ఆయుష్షే తగ్గుతుంది. అందుకే మే నెలలో జోరుండదు, వానలు పడి వేడి దిగాక, ఆగస్టు నుంచి నవంబరు దాకా అసలు కాలం. ఆ కాలం ముందుకూ వెనక్కూ సాగుతోందా అన్నది పంచాయతీ కనిపెట్టి ఉండాలి. జూన్‌లో మొదలెట్టాల్సిన పని సెప్టెంబరులో మొదలెడితే ఏ మందూ పనికిరాదు.

గోలెంనీళ్లు:
ఉష్ణమాపకం సార్ లెక్క మంచిగుంది. కానీ సర్పంచి చేతిల థర్మామీటర్ లేదు, ఊళ్లె గోలేలు (నీళ్లు పట్టి దాచే తొట్లు) ఉన్నయ్. చేయగలిగేది చెప్తా.

నల్లా ఇంటికొచ్చినంక గోలేలు పోతయ్ అనుకున్నరు, పోలేదు. నీళ్లు రోజు విడిచి రోజొస్తే జనం ఇంకో డ్రమ్ము కొంటరు. నల్లా పైపు ఉండుడు ముఖ్యం కాదు, రోజూ ఒక్క టైముకు నీళ్లు వచ్చుడు ముఖ్యం. నీళ్లు వదిలే మనిషి టైము తప్పితే దోమల లెక్క మారుతది.

శుక్రవారం డ్రై డే అని అందరికీ తెలుసు, చేసే తీరే సరిగ లేదు. నీళ్లు పారబోసి మళ్ల నింపుతరు. గుడ్లు గోడకే ఉంటయ్ కదా, కొత్త నీళ్లు అందంగనే పొదుగుతయ్. కొబ్బరి పీచుతోనో గట్టి బ్రష్షుతోనో నీటి గీత మీద, దానికి జానెడు పైన, కింద గట్టిగ రుద్దాలె. రుద్దిన నీళ్లు మోరీల కాదు, ఎండిన నేల మీద పోయాలె. తర్వాత గోలెం బోర్లించి ఎండల పెట్టాలె. మంచి వేడిల గుడ్డు నుంచి దోమ అయ్యేదానికి ఏడెనిమిది రోజులే. ఒక్క శుక్రవారం తప్పితే ఒక తరం ఎగిరిపోయినట్టే.

టైరు సంగతి వేరే. తిప్పి వంచినా లోపలి వంపుల నీళ్లు ఆగుతయ్. రెండు దిక్కుల రంధ్రం పెట్టాలె, లేదంటె కప్పు కిందికి తేవాలె. పంక్చర్ షాపుల ముందర కుప్పేసినయి ఊరికి పెద్ద పీడ. కూలర్ ఆపేసినప్పుడు తొట్టి రుద్దితే సరిపోదు, గడ్డి మెత్తలు తీసి పారేయాలె, గుడ్లు వాటికి పట్టుకుని వచ్చే ఎండాకాలం దాకా ఉంటయ్. ఫ్రిజ్ వెనక ట్రే ఎవ్వరూ చూడరు. బ్యాటరీ లైటు వేసి చూడండి, తల కిందికి, తోక పైకి వేలాడే పురుగులు వెలుతురుకు అడుగుకు పోతయ్.

వీధిమలుపు:
ఒక సందేహం. మా వైపు పంచాయతీ వాళ్లు మురికి కాల్వలో ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు) వేస్తారు, చెత్త తీయిస్తారు. జ్వరాలు తగ్గడం లేదు. అది కూడా దండగేనా?

తొట్టితనిఖీ:
దండగ కాదు, కానీ అది వేరే దోమ మీద పని. మురుగు కాల్వలో, సెప్టిక్ ట్యాంకులో పెరిగేది క్యూలెక్స్. రాత్రి కుడుతుంది, బోదకాలు తెస్తుంది. దానికి పూడిక తీయడం, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి నైలాన్ గుడ్డ కట్టడం సరైన పనులే. డెంగీ దోమ మాత్రం ఇంట్లో నిలవ ఉన్న తేట నీళ్లలో పెరిగి, పొద్దెక్కాక రెండు గంటలు, పొద్దు వాలే ముందు రెండు గంటలు ఎక్కువగా కుడుతుంది. కాల్వ శుభ్రం చేసి డెంగీ తగ్గలేదని పంచాయతీని తిట్టడం, తగ్గుతుందని పంచాయతీ చెప్పడం, రెండూ తప్పే.

పైరిథ్రం:
ఫాగింగ్ దండగ అని గంపగుత్తగా కొట్టిపారేయొద్దని రాస్తున్నాను. కేసు వచ్చిన ఇంట్లో అప్పటికే వైరస్ ఉన్న ఆడ దోమలు తిరుగుతుంటాయి. మీరు గోలేలు రుద్దినా అవి ఇంకో రెండు మూడు వారాలు బతికి పక్కింటికి అంటిస్తాయి. వాటిని చంపే సాధనం పిచికారీ ఒక్కటే.

తప్పు జరిగేది ఎక్కడంటే, బండి వీధిలో పోతుంది, దోమ ఇంట్లో ఉంటుంది. మంచం కింద, బీరువా వెనక, దండెం మీద వేలాడే బట్టల మడతల్లో కూర్చున్న దోమకు వీధి పొగ చేరదు. ఊరు చూడటానికి దట్టంగా కనిపించే పొగలో ఎక్కువ భాగం డీజిలే. 95 లీటర్ల డీజిల్‌కు 5 లీటర్ల టెక్నికల్ మలాథియాన్ (దోమను చంపే అసలు మందు) అన్నది కొలత. అది కూడా గాలి లేని వేళ, నేల చల్లగా ఉన్నప్పుడు కొడితేనే కిందికి దిగి నిలుస్తుంది. మిట్టమధ్యాహ్నం కొడితే వేడి గాలితో పైకి పోతుంది.

కేసు వచ్చినప్పుడు చేయాల్సింది ఇంటి లోపలి పిచికారీ. దోమల మందు పైరిథ్రం 2 శాతం ఎక్స్‌ట్రాక్ట్ 50 మిల్లీలీటర్లు, కిరసనాయిలు 950 మిల్లీలీటర్లు కలపాలి. ఆ లీటరు వంద ఘనమీటర్ల ఇళ్లు ఇరవైకి వస్తుంది. కేసు ఇల్లు, చుట్టూ యాభై ఇళ్లు చేయాలంటే రెండున్నర లీటర్లు. పొయ్యిలు ఆర్పించి, అన్నం, తాగేనీళ్ల మీద మూతలు పెట్టించి, మనుషుల్ని బయటికి పంపి, కిటికీలు తలుపులు మూసి కొట్టాలి. అరగంట తెరవకూడదు. యాభైలో పది ఇళ్లకు తాళాలుంటే సాయంత్రం మళ్లీ వెళ్లాల్సిందే.

నా మాట ఇది: వీధిలో తిప్పే పెద్ద మెషిన్ వద్దు. రెండు చేతి పంపులు, పైరిథ్రం నిల్వ, కొట్టడం వచ్చిన ఇద్దరు మనుషులు చాలు.

ఉష్ణమాపకం:
పైరిథ్రం గారితో ఏకీభవిస్తాను. కానీ తొట్లు తిప్పితే అంతా పోతుందన్న నమ్మకం మీద ఒక్క మాట. సింగపూర్ చూడండి. 1960లలో నూటికి యాభై దాకా ఇళ్లలో లార్వా (నీళ్లలో పెరిగే దోమ పిల్ల పురుగు) ఉండేది, కఠినంగా తనిఖీలు చేసి జరిమానాలు వేసి రెండు శాతానికి తెచ్చారు. అయినా 1980ల చివర నుంచి డెంగీ మళ్లీ పెరిగింది. జబ్బు తగ్గిన కొద్దీ జనంలో రోగనిరోధకత కూడా తగ్గింది, కొద్దిపాటి దోమలు కూడా సరిపోయాయి. అంత క్రమశిక్షణ ఉన్న నగరంలోనే అలా అయితే మన దగ్గర తొట్టి ఒక్కటే మందనడం సాహసం. అందుకే డెంగీ వైరస్‌ను దోమలో పెరగనీయని వోల్బాకియా బ్యాక్టీరియా ఎక్కించిన దోమల్ని వదిలే పద్ధతిని నేను కోరుకుంటున్నాను. ఇండోనేసియాలోని యోగ్యకర్తాలో చేసిన పరీక్షలో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ప్రచురించారు. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కేంద్రం మన దోమల్లో ఆ బ్యాక్టీరియా ఎక్కించిన రకాలను తయారుచేసింది.

తొట్టితనిఖీ:
సింగపూర్‌కు జవాబు బ్రెజిల్. ఇంటింటి తనిఖీతో ఏడిస్ ఈజిప్టైని దేశం నుంచే తుడిచేశారని 1958లో ప్రకటించారు. పని ఆపేశారు, పొరుగు దేశాల్లో మిగిలిన దోమ 1970ల కల్లా తిరిగొచ్చింది. ఆ పదిహేనేళ్లలో బ్రెజిల్ ఎండలు మారలేదు, తనిఖీదారులు ఇళ్లకు పోవడం మానేశారు. వోల్బాకియా రావాలి, నేనూ కోరుకుంటున్నాను. అయితే అది వచ్చే దాకా గ్రామసభ చేతులు కట్టుకుని కూర్చోలేదు.

ఊరికి ఎంత పని అన్నది లెక్క వేద్దాం. ఆరొందల ఇళ్లు. సరిగా చూసే మనిషి రోజుకు యాభై ఇళ్ల కంటే చూడలేడు. వారానికి ఆరు రోజులు, ఇద్దరు మనుషులు. టార్చి, తెల్లటి ఎనామిల్ గిన్నె, పుస్తకం. నీడ పడకుండా నిలబడి రెండు నిమిషాలు కదలకుండా చూడాలి, లేకపోతే పురుగులు అడుక్కి దిగి కనిపించవు. రోజూ మూడు సంఖ్యలు రాయాలి: చూసిన ఇళ్లు, లార్వా దొరికిన ఇళ్లు, లార్వా దొరికిన పాత్రలు. వంద ఇళ్లు చూస్తే పద్దెనిమిదింట్లో ముప్పై ఒక్క పాత్రల్లో దొరికాయనుకోండి, హౌస్ ఇండెక్స్ 18, బ్రెటో ఇండెక్స్ 31. హౌస్ ఇండెక్స్ పది దాటితే ప్రమాదం, ఒకటి లోపుంటే నిబ్బరం. అయితే ఆ అంకె కూడా మోసం చేస్తుంది. పూలకుండీ సాసర్లో మూడు లార్వాలున్నా, సిమెంటు తొట్టిలో మూడొందలున్నా పుస్తకంలో ఒక్కొక్కటిగానే పడతాయి. కాబట్టి ప్యూపాలు కూడా లెక్కపెట్టించండి. కామాలా వంగి ఉంటాయి, రెండు రోజుల్లో దోమై ఎగిరేవి అవే. అవి ఎక్కువగా దొరికే పాత్రలు ఏవో తేలితే పని సగానికి సగం తగ్గుతుంది.

గోలెంనీళ్లు:
ఖాళీ చేయలేని తొట్లకు మందు గురించి ఎవ్వరూ రాయలేదు. టెమిఫాస్, జనం అబేట్ అంటరు. 1 శాతం గుళికలైతే వంద లీటర్లకు పది గ్రాములు, రెండొందల లీటర్ల డ్రమ్ముకు ఇరవై. గుడ్డ సంచిల కట్టి వేలాడదీస్తే కడిగినప్పుడు పోదు. మన దగ్గర పంచాయతీకొచ్చేది ఎక్కువ 50 ఈసీ, అంటే 50 శాతం మందున్న ద్రావణం. అది పది లీటర్ల నీళ్లల్ల రెండున్నర మిల్లీలీటర్లు కలిపి, కుంటలు, గుంతల అంచు మీటరుకు ఇరవై మిల్లీలీటర్ల లెక్కన కొట్టేది. ఇంట్ల తాగేనీళ్ల డ్రమ్ముల చేతి అంచనాతోని పోయొద్దు, ఎవ్వరు పోసినా ఆపండి. వాసన రాంగనే ఆడోళ్లు నీళ్లు పారబోస్తరు, మందు పోతది, మనిషి మీద నమ్మకం కూడా పోతది.

నీలాటిరేవు:
తీర్మానంలో ఇవి రాయిస్తాను: వీధి ఫాగింగ్ మెషిన్ బదులు చేతి పంపులు రెండు, పైరిథ్రం అయిదు లీటర్లు, జూన్ నుంచి నవంబరు దాకా తనిఖీకి ఇద్దరు, నల్లా నీళ్లకు రోజూ ఒకే సమయం. టైర్ల షాపుల వాళ్లు పనికిరాని టైర్లకు రంధ్రాలు పెట్టాలని, మిగతావి రేకుల కింద పెట్టాలని నోటీసు. ఒక్క అడ్డంకి ఉంది. పొగ కనిపిస్తుంది, జనానికి పని జరిగినట్టుంటుంది. గోలెం రుద్దిన సంగతి ఎవరికీ కనిపించదు. వార్డు సభ్యులు అక్కడే పట్టుబడతారు. దానికేం చేయాలి?

పైరిథ్రం:
వారం వారం వార్డుల వారీగా హౌస్ ఇండెక్స్ పంచాయతీ గోడ మీద సుద్దతో రాయించండి. ఏ వార్డులో ఎంతో పేరుతో సహా. సభ్యుడు పొగ బండి అడగడం మానేసి తన వార్డు అంకె ఎందుకు దిగలేదని తనిఖీదారును అడుగుతాడు. ఇంటి యజమానుల పేర్లు మాత్రం గోడకెక్కించొద్దు, మర్నాడు తలుపులు తీయరు.