వాదన గెలిచి, మనసు ఒప్పుకోకపోతే?

బ్రాడీపేట, గుంటూరు:
ఆస్ట్రేలియా తత్వవేత్త పీటర్ సింగర్ 1972లో ఒక వ్యాసంలో చేసిన వాదన ఇది. ఆకలిచావు చెడ్డది. అంతే విలువైనదేదీ పోగొట్టుకోకుండా ఆపగలిగితే ఆపి తీరాలి. దూరం లెక్కలోకి రాదు. విరాళంతో ఆపగలం. కనుక విలాసాలకు పెట్టే ఖర్చంతా తప్పే. ఈ ముగింపుకి మనసు ఎదురు తిరుగుతుంది. దానికి సాక్ష్యం విలువ ఇవ్వాలంటాను. బ్రిటిష్ తత్వవేత్త జి.ఇ. మూర్ పద్ధతి అదే: ముగింపు తప్పన్న నమ్మకం వాదన మెట్ల మీది నమ్మకం కన్నా గట్టిదైతే, లోపం ఆ మెట్లలోనే ఉంది. ఇక్కడ ముగింపుకి ముందు నాలుగు మెట్లు, ఒక్కోదాని మీద 90 శాతం నమ్మకం, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుంటే, అన్నీ కలిపి 66 శాతమే.

పటమట, బెజవాడ:
లెక్క సరైనదే అండీ. కానీ ‘ఆపగలిగితే ఆపి తీరాలి’ అన్న ఆ రెండో మెట్టు దేని మీద నిలబడింది? చెరువులో మునిగే పిల్లను బట్టలు బురదైనా కాపాడాలన్న సహజబుద్ధి మీదే. రెండు పక్కలా ఉన్నది అదే. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు కులం చూడకుండా సహపంక్తి భోజనాలు పెట్టిన రోజుల్లో, ఆ వరసలో కూర్చోకూడదని ఎంతోమంది మనసు గట్టిగా చెప్పింది. మీ పద్ధతిలో వాళ్లే గెలుస్తారు!

సత్యనారాయణపురం:
అందుకే ఒక్కో వివరం మార్చి చూడాలి. అదుపు తప్పిన ట్రాలీ బండి పట్టాల మీదున్న ఐదుగురి మీదికి వస్తోందనుకోండి; వంతెన మీది మనిషిని దాని కిందికి తోసి, బండిని ఆపి, వాళ్లను కాపాడొచ్చా అంటే చాలామంది వద్దంటారు. 2009లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాషువా గ్రీన్ బృందం, మీట నొక్కితే అతను పడిపోయేలా కథ మార్చింది. సరేననేవాళ్లు బాగా పెరిగారు. సొంత బలంతో తోయడానికి నీతిలో తూకం లేదు కాబట్టి ఆ మేరకు తగ్గించుకోవాలి. అప్పటికీ మిగిలిన అభ్యంతరానికే విలువ. కులం దగ్గర ఇంకోటి అడగాలి: ఆ నియమం వల్ల నష్టపోయేవాడికి చెప్పగల కారణం ఏదైనా ఉందా?

బ్రాడీపేట, గుంటూరు:
అదే పరీక్ష సింగర్‌కి పెడదాం. బందరు కాలవలో పిల్ల, బుడమేరు వరదలో సింగ్‌నగర్ మేడ మీద చిక్కిన పిల్ల, ఆఫ్రికాలో పిల్ల. దూరం ఒక్కటే బాధ్యతను తగ్గిస్తుందనడానికి కారణం దొరకదు. ఇప్పుడు దూరం కదపకుండా సంఖ్య మార్చండి: కళ్లముందే కాలవలో గంటకో పిల్ల, జీవితాంతం. మనసు అక్కడ తడబడుతుంది. ఒక్కోసారి పోయేది కొంచెమే, కూడితే బతుకంతా. రెండో మెట్టు ఒక్క సందర్భానికే నిజం.

పటమట, బెజవాడ:
ఆ కూడికకి సింగరే హద్దు పెట్టాడండీ: అంతే విలువైనది పోయే చోట ఆగమన్నాడు. పైగా అదే వ్యాసంలో మెత్తని రూపమూ ఇచ్చాడు: నైతికంగా ముఖ్యమైనదేదీ పోకుండా ఆపగలిగినంతే ఆపాలి. గంటకో పిల్ల ఉదాహరణ దాన్ని తాకదు. అయినా అది మనం ఇప్పుడు ఇచ్చేదానికన్నా చాలా ఎక్కువే అడుగుతుంది. దానికి జవాబు చెప్పండి.