బీజీవీలో (కొత్త కంపెనీ చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో) ‘డ్యూయల్ ఎంప్లాయ్‌మెంట్’ అని రెడ్ పడింది. పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ తప్పు, ఏం చేయాలి?

హైటెక్‌సిటీ_క్యూఏ:
మొదటి కంపెనీలో లాస్ట్ వర్కింగ్ డే 2024 జూన్ 7. రిలీవింగ్ లెటర్‌లోనూ అదే ఉంది. 10న రెండో కంపెనీలో జాయినింగ్. కానీ పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఎగ్జిట్ జూన్ 30 అని ఉంది. ఇప్పుడు మూడో కంపెనీ బీజీవీలో 21 రోజులు రెండు ఉద్యోగాలు చేసినట్టు రెడ్ వేశారు. హెచ్‌ఆర్ మూడు రోజుల్లో వివరణ ఇమ్మంటున్నారు. పీఎఫ్ సరయ్యేదాకా ఆగమని అడగనా?

పేరోల్_పాతకాపు:
ఆగొద్దండి. పీఎఫ్ దిద్దించుకోవడం వేరు, హెచ్‌ఆర్‌కి జవాబివ్వడం వేరు. రెండోది ఈరోజే మొదలుపెట్టండి. ముందు రిపోర్టు కాపీ మెయిల్‌లో అడగండి. ఏ లైన్లో, ఏ రికార్డు చూసి రెడ్ వేశారో తెలియకుండా వివరణ రాస్తే అడగనిదానికి జవాబు చెప్పినట్టు ఉంటుంది.

కంపెనీ నెలనెలా పీఎఫ్ ఆఫీసుకి వేసే రిటర్న్ అయిన ఈసీఆర్‌లో పీఎఫ్ డబ్బు లెక్క వెళ్తుంది, ఎగ్జిట్ డేట్ విడిగా ఎక్కించాలి. అక్కడే నెలాఖరు తేదీ కొట్టేస్తుంటారు. మీ పాస్‌బుక్‌లో 2024 జూన్ వరస తీయండి. బేసిక్ 15,000 అయితే ఏడు రోజులకి పీఎఫ్ జీతం 3,500, మీ వాటా 12 శాతం చొప్పున 420 ఉండాలి. నెలంతా పనిచేస్తే 1,800 పడేది. అదే బేసిక్ బాగా ఎక్కువైతే ఏడు రోజులకే పీఎఫ్ లెక్కకి పైహద్దుగా పెట్టే 15,000 దాటుతుంది, కాబట్టి 1,800 కనిపించినా కంగారొద్దు. అప్పుడు జూన్ పేస్లిప్‌లో ‘పెయిడ్ డేస్ 7’ అన్నది చూపించండి.

రిలీవింగ్ లెటర్, ఆ పేస్లిప్, పాస్‌బుక్ పేజీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయండి. వివరణ నాలుగు వాక్యాలు చాలు.

బర్కత్‌పుర_చుట్టూ:
దిద్దుబాటు సంగతి. పీఎఫ్ మెంబర్ పోర్టల్లో ‘మార్క్ ఎగ్జిట్’ జోలికి వెళ్లకండి, అది తేదీ ఖాళీగా ఉన్నవాళ్లకి, అదీ చివరి కంట్రిబ్యూషన్ తర్వాత రెండు నెలలు గడిచాకే. మీకు కావాల్సింది మేనేజ్ మెనూలో జాయింట్ డిక్లరేషన్. పాత కంపెనీ మెంబర్ ఐడీనే ఎంచుకోవాలి, చాలామంది ఇప్పటి ఐడీ మీద పెట్టి తిప్పించుకుంటారు. యూఏఎన్ (అన్ని కంపెనీలకీ ఒకటే ఉండే పీఎఫ్ నంబర్) 2017 అక్టోబరు 1 తర్వాతదై ఆధార్‌తో సరిపోలి ఉంటే, 2025 జనవరి మార్పుల ప్రకారం పత్రాలు ఎక్కించకుండానే తేదీ మార్చుకోవచ్చు. అంతకుముందుదైతే పాత కంపెనీ అప్రూవ్ చేయాలి, వాళ్ల హెచ్‌ఆర్‌కి రిక్వెస్ట్ స్క్రీన్‌షాట్‌తో మెయిల్ పెట్టండి. పెట్టిన రసీదు కూడా ఆ పీడీఎఫ్‌లో చేర్చండి.

హైటెక్‌సిటీ_క్యూఏ:
చాలా థ్యాంక్సండి. మన పేరున కోసిన పన్ను చూపే ఫామ్ 26ఏఎస్‌లో ఆగస్టు తేదీతో కూడా పాత కంపెనీ టీడీఎస్ ఉంది. అదీ పట్టుకుంటారా?

పేరోల్_పాతకాపు:
పట్టుకుంటారు, అడక్కముందే చెప్పండి. అది ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు మీద కోసిన టీడీఎస్ అయి ఉంటుంది. 26ఏఎస్‌లో పడేది డబ్బు ఇచ్చిన తేదీ, పనిచేసిన తేదీ కాదు. సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌లో మొత్తం, 26ఏఎస్‌లో మొత్తం పక్కపక్కన పెట్టి మార్క్ చేయండి.

మెమోల_మాధ్యమం:
ఎడ్యుకేషన్ చెక్ ఇంకా నడుస్తుంటే ఒకటి చూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా, ఆధార్‌లో చివర, పాన్‌లో ఒక్క అక్షరమే ఉంటే ‘నేమ్ మిస్‌మ్యాచ్’ అని ఆంబర్ (రెడ్ కాదు గానీ సందేహం ఉందనే గుర్తు) వేస్తారు. బీజీవీ ఫామ్‌లో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే రాసి, ‘ఇతర పేర్లు’ గడిలో మిగతా రూపాలన్నీ ఇవ్వండి. ఆ గడి ఖాళీగా వదలొద్దు.