మెకంజీలందరూ ఒకే వంశమా? కాలిన్ ఫిట్జెరాల్డ్ కథను ఎంతవరకు నమ్మాలి?

కవిలెకట్ట:

కైఫీయత్తులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, చదివేవారికి కల్నల్ కాలిన్ మెకంజీని పరిచయం చేయనక్కరలేదు. ఆయన 1754లో స్కాట్లండ్ వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్టణంలో పుట్టి, 1783లో మద్రాసు చేరి, ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య వంటి పండితుల సాయంతో మన గ్రామాల పాత లెక్కల, చరిత్రల పుస్తకాలైన దండకవిలెలకు నకళ్లు రాయించాడు. మన ఊళ్ల చరిత్రను ఇంత శ్రద్ధగా సేకరించిన మనిషి ఇంటిపేరుకు ఉన్న చరిత్ర ఏమిటని వెదికితే, అక్కడ కూడా కైఫీయతు వంటి కథే ఎదురైంది.

మెకంజీల మూలపురుషుడు ఐర్లండ్‌కు చెందిన కాలిన్ ఫిట్జెరాల్డ్ అనే ప్రభుపుత్రుడని పాత క్లాన్ (ఒకే ఇంటిపేరు, ఒకే నాయకుడు ఉన్న స్కాట్ వంశ సమూహం) చరిత్రలు చెబుతాయి. 1263లో లార్గ్స్ వద్ద నార్వే సేనతో జరిగిన పోరులో అతడు స్కాట్లండ్ రాజు మూడవ అలెగ్జాండర్ పక్షాన నిలిచాడని, వేటలో రాజు మీదికి దూకిన దుప్పిని చంపి ఆయన ప్రాణం కాపాడాడని, అందుకు మెచ్చి రాజు 1266లో పశ్చిమ తీరంలోని కింటేల్ సీమకు దానపత్రం రాసి ఇచ్చాడని ఆ కథ సారాంశం. వంశచిహ్నంలో దుప్పి తల, రాజును కాపాడమనే గేలిక్ (ఆ సీమ పాత భాష) నినాదం ఈనాటికీ ఉన్నాయి. ఆధునిక రచయితలు మాత్రం దీన్ని కల్పితమని తోసిపుచ్చుతున్నారు. ఒక వంశం తరతరాలుగా తన గురించి చెప్పుకున్న మాటను, దానికి చిహ్నం, నినాదం కూడా తోడున్నప్పుడు, పూర్తిగా అబద్ధమనడం తొందరపాటని నా అభిప్రాయం. ఈ విషయం తెలిసినవారు స్పందించాలని కోరుతున్నాను.

ఉత్తరతీరం:

కవిలెకట్ట గారూ, ఈ కథను నమ్మకపోవడానికి నాకు కనిపిస్తున్న కారణాల్లో దాని వయసు మొదటిది. 1263 నాటిదని చెప్పే ఈ ఘటన విస్తృత ప్రచారంలోకి వచ్చింది 17వ శతాబ్దంలో. తరువాత క్రోమార్టీ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక ప్రభు పదవి) అయిన జార్జ్ మెకంజీ 1669లో రాసిన వంశచరిత్ర దానికి పెద్ద ఆధారంగా నిలిచింది. 1266 నాటి దానపత్రానికి నకళ్లే తప్ప మూలప్రతి లేదు. ఇక చిహ్నం, నినాదం కథకు సాక్ష్యాలని మీరన్నారు గానీ, దుప్పులు తిరిగే కొండసీమలో పాలకులు దుప్పి తలను చిహ్నంగా పెట్టుకోవడానికి రాజు ప్రాణం కాపాడిన ఘటన అవసరం లేదు. చిహ్నం ముందే ఉండి, దాన్ని వివరించడానికి కథ పుట్టడం ఎక్కడైనా జరిగేదే.

అంతకంటే ముఖ్యమైనది ఈ కథ ఎవరి అవసరం తీర్చిందన్న ప్రశ్న. మెకంజీల గురించి నమ్మదగిన తొలి రాతల్లో ఒకటి 1463 నాటి దానపత్రం. అందులో కింటేల్‌కు చెందిన అలెగ్జాండర్‌కు భూమి ఇచ్చినవాడు రాజు కాదు. రాస్ ఎర్ల్, ద్వీపాధిపతి (పశ్చిమ దీవుల ప్రభువు) కూడా అయిన జాన్ మెక్‌డోనల్డ్. అంటే 15వ శతాబ్దం నడుమ మెకంజీలు రాస్ ఎర్ల్ కింద ఉన్న సామంతులు. కొద్ది ఏళ్లకే రాజు రాస్ ఎర్ల్ పదవిని లాగేసుకున్నాడు, 1493లో ద్వీపాధిపత్యం కూడా పోయింది, మెకంజీలు రాజు పక్షాన నిలిచి పెరిగారు. 1610లో లూయిస్ దీవి వారి చేతికి వచ్చింది, 1623లో సీఫోర్త్ ఎర్ల్ పదవి దక్కింది. ఇంత ఎత్తుకు చేరిన కుటుంబానికి, తమ పూర్వులు ఒకప్పుడు మరొక ప్రభువు ఇచ్చిన భూమి మీద బతికారన్న జ్ఞాపకం ఇబ్బందికరం. 1266 నాటి దానపత్రం ఆ ఇబ్బందిని ఒక్క దెబ్బతో తొలగిస్తుంది. కింటేల్ మొదటి నుంచీ నేరుగా రాజు ఇచ్చిందేనని, రాస్ ఎర్ల్‌కు దానితో సంబంధమే లేదని అది చెబుతుంది. ఆ అవసరానికి ఇంత చక్కగా అమరిన పత్రం, అవసరం పుట్టిన తరువాతే వెలుగులోకి రావడం నాకు అనుమానం కలిగిస్తోంది.

మూడవది వేరే సాక్ష్యం. 1467 చేతిప్రతి అని పిలిచే 15వ శతాబ్దపు గేలిక్ వంశావళుల సంపుటిలో మెకంజీలను ఎయర్డ్ సీమకు చెందిన గిలియోన్ అనే స్థానికుడి సంతతిగా రాశారు. వారి పొరుగువారైన మాథెసన్‌లను కూడా ఆయన సంతతిగానే చూపారు. అందులో ఫిట్జెరాల్డ్ ఊసు లేదు. ఈ చేతిప్రతిని వెలుగులోకి తెచ్చిన చరిత్రకారుడు విలియం ఫోర్బ్స్ స్కీన్ 19వ శతాబ్దంలోనే ఐరిష్ కథను తిరస్కరించాడు. మెకంజీల చరిత్రను పెద్ద గ్రంథంగా రాసిన ఇన్వర్నెస్ వాసి అలెగ్జాండర్ మెకంజీ, తానూ ఆ ఇంటిపేరువాడే అయినా, ఆ కథను పక్కన పెట్టి స్థానిక మూలాన్నే సమర్థించాడు.  

కవిలెకట్ట:

మీ రెండవ వాదన బలమైనదేనని ఒప్పుకుంటాను. మూడవదానిలో మాత్రం ఇబ్బంది ఉంది. గేలిక్ వంశావళులు కూడా పైతరాలకు వెళ్లేకొద్దీ పురాణ పురుషుల పేర్లు గుదిగుచ్చిన జాబితాలే కదా. 17వ శతాబ్దపు వంశచరిత్రను అనుమానించి, 15వ శతాబ్దపు వంశావళిని నమ్మడానికి కొలమానం ఏమిటి? రెండూ రాతలే, రెండింటికీ రాసినవారి ప్రయోజనాలు ఉండే ఉంటాయి.

ఉత్తరతీరం:

ఆ ప్రశ్న సరైనదే. గిలియోన్‌కు పైన ఉన్న పేర్లను నేను కూడా నమ్మను, గిలియోన్ చారిత్రక వ్యక్తి అని కూడా పట్టుబట్టను. కానీ ఆ సంపుటి మెకంజీల కోసం, వారి ఖర్చుతో తయారైంది కాదు. అది హైలాండ్‌లోని (స్కాట్లండ్ ఉత్తర కొండసీమలోని) అనేక వంశాల వివరాలను పక్కపక్కన నమోదు చేసిన పండితుల రాత. అందులో మెకంజీలకు భూహక్కు ఇచ్చే వాక్యం ఒక్కటీ లేదు. వంశచరిత్రలో భూమి ప్రసక్తి ఎక్కడ వస్తుందో అక్కడ జాగ్రత్త పడాలన్నది, పాళెగాళ్ల వంశావళులూ ఇనాముల సన్నదులూ కలగలిసిన మన కైఫీయత్తులు చదివిన మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడ కాలిన్ మెకంజీకి నేరుగా సంబంధించిన సంగతి ఒకటుంది. ఆయన మద్రాసు రావడానికి సీఫోర్త్ ప్రభువుల ప్రాపకం తోడ్పడింది. ఆయన ఇటు వచ్చిన మూడేళ్లకు, 1786లో, ఆ వంశపు నాయకుడు ఫ్రాన్సిస్ హంబర్‌స్టన్ మెకంజీ కోరిక మీద బెంజమిన్ వెస్ట్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు కాలిన్ ఫిట్జెరాల్డ్ దుప్పి బారి నుంచి రాజును కాపాడుతున్న దృశ్యాన్ని గోడంత పెద్ద చిత్రంగా వేశాడు. అది ఈనాడు ఎడిన్‌బరోలోని జాతీయ చిత్రశాలలో ఉంది. ఆ కాలపు మెకంజీ ప్రభువులు ఈ కథను ఎంత గట్టిగా పట్టుకున్నారో ఆ చిత్రమే చెబుతుంది. అయితే నమ్మకం గట్టిదైనంత మాత్రాన కథ పాతదైపోదు.

సాగరపారం:

నేను కెనడాలో ఉంటున్నాను. మూలం గురించి మీరిద్దరూ మాట్లాడుతున్నారు గనుక, ఈ ఇంటిపేరు ఈనాడు ఎక్కడెక్కడ ఉందో కూడా చూస్తే చర్చకు మేలని అనిపించింది. ఇక్కడ పటం తెరిస్తే మెకంజీ నది కనబడుతుంది. దాని వెంట 1789లో ఆర్కిటిక్ సముద్రం వరకు వెళ్లి, 1793లో పసిఫిక్ తీరం చేరిన అలెగ్జాండర్ మెకంజీ కూడా స్టోర్నోవేలోనే పుట్టాడు. మన కల్నల్‌కు ఆయన సమకాలికుడు. ఈ దేశపు రెండవ ప్రధాని అలెగ్జాండర్ మెకంజీ పెర్త్‌షైర్‌లోను, 1834లో టొరంటో తొలి మేయరు అయిన విలియం లయన్ మెకంజీ డండీలోను పుట్టారు. ఈ ముగ్గురి మధ్య దగ్గరి బంధుత్వాన్ని ఎవరూ చూపలేదు.

వీరంతా స్కాట్లండ్ నుంచి వచ్చినవారు. కానీ క్యూబెక్ ఉత్తరాన ఉన్న ఇన్ను జాతి మూలవాసుల్లోనూ మెకంజీ అనే ఇంటిపేరు ఉంది. ఇన్ను భాషలో పాడి కెనడా అంతటా పేరు తెచ్చుకున్న కాష్టిన్ అనే జంటలో ఒకరు క్లోడ్ మెకంజీ. బొచ్చు వ్యాపారానికి వచ్చిన స్కాట్ గుమాస్తాలు మూలవాసి స్త్రీలతో కాపురాలు చేయడం వల్ల ఇటువంటి ఇంటిపేర్లు ఇక్కడ విస్తృతంగా నాటుకున్నాయి. కరీబియన్ దీవుల్లో చాలామంది నల్లజాతి మెకంజీల విషయం మరింత బాధాకరం. అక్కడ బానిసలకు యజమాని పేరో, తోట అధికారి పేరో తగిలించేవారు. ఉత్తరతీరం గారు చెప్పిన, దుప్పి చిత్రం వేయించిన ఫ్రాన్సిస్ హంబర్‌స్టన్ మెకంజీయే 1801 నుంచి కొన్నేళ్లు బార్బడోస్ గవర్నరుగా ఉన్నాడు. నేటి గయానాలోని బెర్బీస్‌లో బానిసల శ్రమతో నడిచిన తోటలు ఆయనకు ఉండేవి. వీటన్నిటినీ ఒకే వంశం అనడం ఎలాగో నాకు అర్థం కావడం లేదు. ఒక పేరు కొందరికి తండ్రి ఇచ్చింది, కొందరికి బలవంతంగా అంటించింది అయినప్పుడు, వంశవృక్షం అనే మాట రెండవవారికి చేసిన అన్యాయాన్ని కప్పేస్తుంది.

కవిలెకట్ట:

సాగరపారం గారు చెప్పిన విదేశాల సంగతిలో నాకు వివాదం లేదు. నా ప్రశ్న స్కాట్లండ్ లోపలి మెకంజీల గురించి. అక్కడ కూడా రైతులు ప్రభువు ఇంటిపేరు పెట్టుకున్నందువల్లే ఆ పేరు వ్యాపించిందని తరచుగా చెబుతారు. అదే నిజమైతే లూయిస్ దీవిలో అందరూ మెకంజీలు కావాలి. 1610 నుంచి 1844లో జేమ్స్ మాథెసన్‌కు అమ్మేవరకు ఆ దీవి మెకంజీల సొత్తు. అయినా అక్కడ అత్యధికంగా కనిపించే ఇంటిపేరు వారికంటే ముందు ఆ దీవిని ఏలిన మెక్లౌడ్‌లదే. కాబట్టి ఇంటిపేర్లు ప్రభువును బట్టి కాక రక్తాన్ని బట్టే నిలిచాయని అనుకోవడానికి ఇది ఆధారం కాదా?

ఉత్తరతీరం:

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన అభ్యంతరాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. ప్రభువు మారినప్పుడల్లా ప్రజలు ఇంటిపేరు మార్చుకున్నారన్న సిద్ధాంతం లూయిస్ ముందు నిలబడదు. అంతవరకు మీరన్నది నిజం. అయితే దాని నుంచి మీరు తీసిన ముగింపు సరిపోదు. అంతమంది మెక్లౌడ్‌లు ఒక్క మనిషి సంతానమని కూడా ఎవరూ నిరూపించలేదు. వారిలోనూ ఏలికను బట్టి పేరు తీసుకున్నవారు ఉండి ఉండాలి, ఆ పేరు మెకంజీలు వచ్చేసరికే పాతుకుపోయి ఉండాలి. మెకంజీలు అక్కడికి తమతో పాటు తెచ్చుకున్నది పెద్ద గుత్తదార్లను, అధికారులను, వర్తకులను. స్టోర్నోవే పట్టణంలో ఆ పేరు నిలవడానికి వారే ప్రధాన కారణమని నా అంచనా. కింటేల్, కానన్ నది లోయ, స్ట్రాత్‌పెఫర్ చుట్టుపక్కల పల్లెలలో మాత్రం రైతుల స్థాయిలో కూడా మెకంజీలు విస్తారంగా ఉన్నారు.

మరొక విషయం మరువరాదు. గేలిక్ మాట్లాడే సామాన్యులు రోజువారీ జీవితంలో ఇంటిపేరుతో పిలుచుకునేవారు కారు. ఫలానా యాన్ కొడుకు డొనాల్డ్, అతని కొడుకు మర్డో అని తండ్రి, తాతల పేర్లు వరుసగా చెప్పుకునేవారు. లూయిస్‌లో ఆ అలవాటు ఈనాటికీ ఉంది, ఎందుకంటే ఒకే ఊళ్లో ఒకే పేరున్నవారు అనేకమంది ఉంటారు. ఇంటిపేరు అవసరమైంది శిస్తు లెక్కలకు, చర్చి రిజిస్టర్లకు, సైన్యంలో చేరేటప్పుడు, 1855 తరువాత జనన మరణాల తప్పనిసరి నమోదుకు. నమోదు చేసే గుమాస్తా అడిగినప్పుడు చెప్పిన పేరే ఆ కుటుంబానికి స్థిరపడేది. ఒకసారి స్థిరపడ్డాక అది రక్తసంబంధంలాగే కనిపిస్తుంది. గేలిక్‌లో ఈ పేరుకు కెనెత్ కొడుకు అనే అర్థం. కెనెత్ ఆ సీమలో ఎంతో మామూలు పేరు కాబట్టి, వేర్వేరు కెనెత్‌ల కొడుకులు వేర్వేరు చోట్ల మెకంజీలుగా నమోదై ఉండడానికి అవకాశం ఎప్పుడూ ఉంది.

రక్తం వాదనకు అసలైన పరీక్ష నాయకుల వంశమే. సీఫోర్త్ చివరి ప్రభువు ఫ్రాన్సిస్ 1815లో మరణించేనాటికి ఆయన కొడుకులెవరూ బతికి లేరు. ఆస్తి కూతురు మేరీకి వచ్చింది. ఆమె మొదటి భర్త, నౌకాదళాధిపతి సర్ శామ్యూల్ హుడ్, 1814లో మద్రాసులో కన్నుమూశాడు. రెండవ భర్త జేమ్స్ స్టువర్ట్ పెళ్లి తరువాత మెకంజీ పేరు చేర్చుకుని, 1837లో సింహళ గవర్నరు అయ్యాడు. క్రోమార్టీ ఎర్ల్‌ల శాఖ కూడా ఆడపిల్లల ద్వారానే కొనసాగింది. ఆ పదవికి వారసురాలైన సిబెల్ 1899లో వాల్టర్ బ్లంట్‌ను పెళ్లాడింది. 20వ శతాబ్దంలో క్లాన్ నాయకుడిగా గుర్తింపు పొందిన ఎర్ల్ వారి కుమారుడే. అంటే తండ్రి వరుసను పట్టి చూస్తే క్లాన్ నాయకుడే బ్లంట్. మగవారికి తండ్రి నుంచి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్‌ను పరీక్షించి ఎవరు అసలైన మెకంజీ అని తేల్చాలనుకుంటే, మొదట పక్కకు తప్పుకోవలసింది నాయకుడే అవుతాడు. అయినా ఆయన నాయకత్వానికి స్కాట్లండ్‌లో గుర్తింపు దక్కింది. స్త్రీ ద్వారా వచ్చిన వారసత్వాన్ని, పెట్టుకున్న పేరును అక్కడి సమాజం, చట్టం రెండూ అంగీకరించాయి.

కవిలెకట్ట:

నాయకుల వంశం గురించి మీరు చెప్పిన వివరాలు నాకు ఇంతవరకు తెలియవు. ఒకే రక్తమన్న వాదనను వదిలేస్తున్నాను. కానీ ఫిట్జెరాల్డ్ కథను కల్పితమని చెప్పి ముగించడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. దాన్ని 13వ శతాబ్దపు చరిత్రగా చదవకపోయినా, 17వ శతాబ్దపు మెకంజీలు తమను తాము ఎలా చూసుకున్నారో చెప్పే పత్రంగా భద్రపరచాలి. కల్నల్ మెకంజీ మన పాళెగాళ్ల వంశావళులను నిజమో కాదో తేల్చకముందే నకలు రాయించబట్టే అవి మనకు మిగిలాయి.

ఉత్తరతీరం:

ఆ మాటతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే భద్రపరచేటప్పుడు పుట్టిన కాలాన్ని దాని పక్కనే రాయాలి. ఆ కథను 1266 కింద కాక 1669 కింద పెట్టండి. మీకూ నాకూ మధ్య తగాదా మిగలదు.