మైనస్ 25లో సూపర్‌ఛార్జర్ కారు కీచుమంటోంది, ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. డల్లాస్ నుంచి మినియాపోలిస్ వచ్చాక ఇది మాకు మొదటి చలికాలం. కారు అక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 3 లీటర్ల వి6, బెల్టుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే సూపర్‌ఛార్జర్.

మొన్న పొద్దున మైనస్ 25 సెల్సియస్. స్టార్ట్ చేయగానే బెల్టు దగ్గర ప్రెషర్ కుక్కర్ కూతలా ఒకటే మోత. పావు నిమిషానికి ఆగింది గానీ, పక్క ఫ్లాట్ ఆవిడ కర్టెన్ జరిపి మరీ చూసింది. బెల్టు ఒక్కటే మారిస్తే సరిపోతుందా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడానా?

ఆయిల్ 0డబ్ల్యూ-40 పోయించాను, వింటర్ టైర్లు వేయించాను. ఇంజిన్ కూలెంట్ సగం నీళ్లు, సగం యాంటీఫ్రీజ్. అది మైనస్ 37 దాకా తట్టుకుంటుంది, దాంతో బెంగలేదు. నా భయమంతా ఇంటర్‌కూలర్ గురించే, అదే, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది. దాని పంపు, ట్యాంకు వేరు. పాత ఓనర్ టెక్సాస్ ఎండలకి బాగుంటుందని అందులో దాదాపు నీళ్లే పోశాడట! అది గడ్డకట్టి లోపల పగిలితే, కరిగాక నీళ్లు తిన్నగా సిలిండర్లలోకే కదా? ఇది తేలేదాకా కారు కదపడం లేదు, బస్సే గతి. వెచ్చటి గ్యారేజీకి టో చేయించి మొత్తం తీయించి కొత్తది పోయించాలా, కొంత తీసి యాంటీఫ్రీజ్ కలిపితే చాలా?

ఇంకోటి, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ప్లగ్గు లేదు, ఇంజిన్‌ని కరెంటుతో వెచ్చబెట్టే బ్లాక్ హీటర్ కుదరదు. ఎంతసేపు ఐడిల్‌లో ఉంచి కదలాలి? ఇక్కడి చలిలో ఇలాంటి బండి నడిపినవాళ్లు చెప్పండి, ప్లీజ్.