డొడోనా ‘ఒరాకిల్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: గ్రీసులోని డొడోనా క్షేత్రం మీద వ్యాసం రాస్తున్నాను. ఒరాకిల్ (భక్తులు దేవుణ్ణి ప్రశ్న అడిగే చోటు, దేవుడిచ్చే జవాబు కూడా) అన్నచోటల్లా ‘భవిష్యవాణి’ అని పెట్టాను గానీ మనసొప్పడం లేదు. ఇంకేదైనా మాట ఉందా?

జవాబు: మనసొప్పకపోవడం సబబేనండి. డొడోనా వెళ్ళినవాళ్ళలో చాలామంది లోకం భవిష్యత్తు అడగలేదు, ఇంటి గోడు చెప్పుకున్నారు. పల్చటి సీసపు రేకు మీద ప్రశ్న గీసి మడిచేవారు. అలాంటివి 2013లో అచ్చయినవే 4,000కు పైగా ఉన్నాయి. ఆగిస్ అనే ఆయన దుప్పట్లూ దిండ్లూ కనబడటం లేదు, బయటివాళ్ళెవరైనా ఎత్తుకెళ్ళారా అని గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్‌నీ, ఆయన పక్కన కొలువైన డియోనె దేవతనీ అడిగాడు. లుసానియాస్ అనే ఆయన ఆన్నులా కడుపులో ఉన్న బిడ్డ తనదేనా అని అడిగాడు. ఆ మాటలు సీసం మీద గీస్తున్నప్పుడు ఆయన ఎంత టెన్షన్ పడి ఉంటాడో! పోయిన సామాను గురించీ, కడుపులో బిడ్డ గురించీ అడగడాన్ని మనవాళ్ళు సోది అడగడం అనేవారు. నాకు ఆ మాటే దగ్గరగా అనిపిస్తుంది.

ఇక దేవుడిచ్చే జవాబుకి ‘పలుకు’ చాలు. పిలిస్తే పలికే దైవం అంటాం కదా. డొడోనాలో పలికింది ఓక్ చెట్టు. జ్యూస్ మనసులో ఏముందో ఆ చెట్టు దగ్గర వినడానికి కథానాయకుడు ఒడిస్యూస్ వెళ్ళాడనే మాట గ్రీకు కవి హోమర్ కావ్యంలో ఉంది. ఈజిప్టులోని థీబ్స్ నుంచి ఎగిరొచ్చిన నల్ల పావురం ఓక్ మీద వాలి మనిషి గొంతుతో మాట్లాడిందని అక్కడి పూజారిణులు చెప్పేవారు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ దాన్ని ఇలా విప్పాడు: వచ్చింది పక్షి కాదు, అమ్ముడుపోయి వచ్చిన పరాయి దేశపు పూజారిణి. ఆమె భాష అక్కడివాళ్ళకు పిట్టకూతలా వినిపించింది. ఆమె గ్రీకు నేర్చుకున్నాక ‘పావురం మాట్లాడింది’ అన్నారు. భాష మీద ఇష్టమున్నవాళ్ళు ఈ కథ మర్చిపోలేరు.

ఇంకొకరు: బాగుంది గానీ, ‘సోది ఆపు’ అనే ఈ రోజుల్లో చదివేవాళ్ళు అపార్థం చేసుకోరా?

జవాబు: మీ అనుమానం న్యాయమే. అయితే గ్రీకులోనూ ఇదే జరిగింది చూడండి. డొడోనాలో కంచు పాత్రలు ఒకదానికొకటి తగిలేలా పేర్చి ఉండేవట. ఒకదాన్ని తాకితే వరసగా అన్నీ మోగేవి. దాంతో ఆపకుండా వాగేవాణ్ణి ‘డొడోనా కంచు’ అనడం సామెతైంది. దేవుడి దగ్గర పుట్టిన మాట అక్కడా ఇక్కడా వాగుడుకు దిగిపోయింది. అందుకని మంచి మాటను వదిలేసుకోవద్దు. ‘డొడోనాలో జ్యూస్ పలికేవాడు. ఆగిస్ దిండ్ల కోసం సోది అడిగాడు’ అని రాసి చూడండి, ఎవరికైనా అర్థమవుతుంది.